కంటికి జాలి, మనసుకి చెంపదెబ్బ

మా అక్క కొడుకు పదకొండేళ్ళప్పుడు ఒకసారి గడప తన్నుకుని పడ్డాడు. చేతిలోని పాలగిన్నె ఎగిరిపడి వరండా అంతా పాలమయమైంది. నేను పరిగెత్తి వాణ్ణి లేవదీసి మోకాలు తుడిచాను. వాడే పదిహేడేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం అన్నం కంచం విసిరాడు. దాని అంచు అక్క నుదుటికి తగిలి రక్తం వచ్చింది. అప్పుడూ నేనే పరిగెత్తాను. వాణ్ణి చెంప మీద కొట్టాను.

పాలు ఒలికిన రోజూ, కంచం ఎగిరిన రోజూ వాడి ఒంట్లో చెడి ఉన్నది ఒకే ఒక్క జన్యువు. అది కంటిని పట్టినప్పుడు నాకు జాలి పుట్టింది. మనసుని పట్టినప్పుడు చెయ్యి లేచింది. నేనేమీ మూర్ఖుణ్ణి కాను. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆదివారం సాయంత్రాలు ఒక పెద్దాయన డాబా మీద జరిగే వేదాంత పాఠానికి ఏళ్ళ తరబడి వెళ్తున్నాను. అయినా ఆ క్షణంలో నా చేతికి ఏ పాఠమూ అడ్డు రాలేదు. ఎందుకు రాలేదన్నదే ఇక్కడ ఆలోచించాలనుకుంటున్నాను.

మా ఇంట్లో ‘మావయ్యా’ అని పిలిస్తే ఇద్దరం పలుకుతాం. మా అమ్మ ఆఖరి తమ్ముడికి మా అక్కనిచ్చారు. ఆయన నాకు మేనమామా, బావా కూడా. ఆయన కొడుక్కి నేను మేనమామని. మా అమ్మకి వాడు కూతురి కొడుకూ, తమ్ముడి కొడుకూ. పిల్ల కళ్ళెదుటే ఉంటుంది, పొలం ముక్కలు కాదు, కట్నం బేరాలుండవు. ఇన్ని మంచి కారణాలు చూసుకునే ఆ పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి బంతిలో నేనూ గారెలు వడ్డించాను.

పెద్దది ఆడపిల్ల. దానికి ఏ ఇబ్బందీ లేదు. తర్వాత వీడు. ఒకటో తరగతిలో ఉండగా చెంబులకి చెంబులు నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. రాత్రుళ్ళు పక్క తడిపేవాడు. పెరట్లో వాడు పోసిన చోటికి చీమలు బారులు కడుతుంటే, చదువురాని మా అమ్మే మొదట అనుమానపడింది. పరీక్ష చేయిస్తే షుగరు. ఆరేళ్ళవాడికి షుగరేమిటని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. ఆ రోజు నుంచి అక్కావాళ్ళ ఫ్రిజ్ తలుపులో పాలప్యాకెట్ల పక్కన ఇన్సులిన్ సీసాలు చేరాయి.

తర్వాత కళ్ళు. బోర్డు కనబడట్లేదంటే అద్దాలు వేయించాం. ఏడాదిలో మూడుసార్లు మార్చాం. సంక్రాంతికి ముగ్గులో రంగులు నింపమని అక్క కూర్చోబెడితే, ఎరుపు వెయ్యమన్న రేకల్లో ఆకుపచ్చ నింపాడు. ‘వెటకారమా?’ అని ఆమె కోప్పడింది. వాడు రెండు చిప్పలూ మొహానికి దగ్గరగా పెట్టుకుని మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఇప్పటికీ ఆ పిల్లవాడి ముక్కు మీద అంటిన ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది.

ఒక ఆసుపత్రిలో రెండేళ్ళపాటు ‘షుగరు కళ్ళకెక్కింది’ అన్నారు. అక్కావాళ్ళు నమ్మారు, నేనూ నమ్మాను. చివరికి విజయవాడలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ వాడి కళ్ళలో చుక్కలు వేసి, గంటసేపు ఆగి, లైటు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కంటితో సంబంధం లేని ప్రశ్నలు మూడు అడిగింది. ‘వీడికి చెవులు బాగా వినిపిస్తాయా? షుగరు అదుపులో ఉన్నా నీళ్ళు బాగా తాగుతాడా? మీది మేనరికమా?’ వెనక నుంచి పిలిస్తే పలకడం లేదనీ, మేమది పొగరనుకున్నామనీ అక్క అప్పుడు చెప్పింది. ఆ డాక్టరమ్మ కాగితం మీద కన్ను బొమ్మ గీసింది. దృష్టినాడి కంటి వెనక నుంచి బయల్దేరే చోటు ఆరోగ్యంగా ఉంటే లేత నారింజ రంగులో ఉంటుందట. వీడికి సున్నం కొట్టిన గోడలా ఉందట. బొమ్మ కింద ఒక మాట రాసింది: వుల్ఫ్రం సిండ్రోమ్.

డాన్ వుల్ఫ్రం అనే అమెరికన్ వైద్యుడు, తన సహచరుడు వాగనర్‌తో కలిసి 1938లో ఒకే తల్లి పిల్లలు నలుగురిలో షుగరూ, దృష్టినాడి ఎండిపోవడమూ కలిసి రావడం గమనించి రాశాడు. దానికి కారణమైన జన్యువు దొరికింది 1998లో. నాలుగో క్రోమోజోము మీద ఉంటుంది. పేరు డబ్ల్యూఎఫ్ఎస్1. కణం లోపల మాంసకృత్తుల్ని సరిగా మడిచి పంపే గది ఒకటుంటుంది. ఈ జన్యువు తయారుచేసే పదార్థం పనిచేసేది అక్కడే. అది చెడితే మడత పడని బట్టలు ఇస్త్రీ బల్ల మీద గుట్టలు పడ్డట్టు అక్కడ పని పేరుకుపోతుంది. ఆ ఒత్తిడికి కణం అలిసి చచ్చిపోతుంది. ఇన్సులిన్ చేసే కణాలు ముందు పోతాయి, తర్వాత కంటి నరం, ఆ తర్వాత చెవి, మూత్రాన్ని అదుపుచేసే వ్యవస్థ, మెదడు. బ్రిటన్‌లో 45 మంది రోగుల్ని చూసి 1995లో వేసిన లెక్క ప్రకారం షుగరు మొదలయ్యే మధ్యస్థ వయసు ఆరు, కళ్ళు పోవడం మొదలయ్యేది పదకొండు. మావాడు ఎక్కడో తెనాలి పక్కన పుట్టి కూడా ఆ లెక్క తు.చ. తప్పకుండా పాటించాడు. అదే పట్టికలో ఆయుర్దాయం గడిలో 30 అని ఉంది. ఆ అంకె నాకూ మావయ్యకీ తెలుసు. అక్కకి మేం చెప్పలేదు. ఆమెకి తెలుసని ఈమధ్యే నాకు తెలిసింది.

ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడ్డ కాపీలు రెండూ కలవాలి. ఒకటే చెడ్డదైతే రెండోది సంసారాన్ని గట్టెక్కిస్తుంది. బ్రిటన్ లెక్కలో అలా ఒక్క కాపీ మోసేవాళ్ళు 354 మందిలో ఒకరు. జబ్బుపడ్డవాళ్ళు 7,70,000 మందిలో ఒకరు. అంత అరుదైనవి రెండూ ఒక గుమ్మంలో కలుసుకోవడం, అవి అంతకుముందే చుట్టాలైతే చాలా తేలిక. మా ఇంట్లో చుట్టాలే.

కారణం తెలిశాక మనిషికి నెమ్మది కలగాలి. అక్కకి కలగలేదు. జన్యువు అన్న మాట ఆమెకి ‘ఎలా’ అన్నదే చెప్పింది. ఆమె అడిగేది ‘నాకే ఎందుకు’ అని. దానికి జవాబులు ఊళ్ళో కుప్పలుగా ఉన్నాయి. నాగదోషం అన్నారొకరు. దిష్టి అన్నారు మరొకరు. పూర్వజన్మ పాపం అన్నవాళ్ళు మాత్రం అందరూ. మనుస్మృతి పదకొండో అధ్యాయంలో ఏ పాపానికి ఏ రోగమో ఒక జాబితా ఉంది. అందులో దీపం దొంగిలించినవాడికి గుడ్డితనం, దీపం ఆర్పినవాడికి ఒంటికన్ను. మా అక్క జన్మలో ‘దీపం ఆరింది’ అన్న మాట అనలేదు. ‘కొండెక్కింది’ అంటుంది. అదీ పువ్వుతో కొండెక్కిస్తుంది, నోటితో ఊదదు. అలాంటి మనిషి ఏ జన్మలో ఎవరి దీపం ఆర్పి ఉంటుంది?

మా స్కూల్లో సోషల్ చెప్పే మేష్టారు క్రైస్తవుడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఇదే ప్రశ్న ఉందని ఆయనే చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. ఎవరూ కాదంటాడు యేసు. ఇది విని నాకు హాయనిపించింది. ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. ‘మరి ఎందుకని చెప్పాడు?’ అంది. దేవుని పనులు వాడిలో బయటపడటానికని చెప్పాను. ‘దానికి నా పిల్లాడి కళ్ళే కావాల్సొచ్చాయా?’ అని చింతపండు పిసుకుతూ ఉండిపోయింది. ఆమెకి నిందలేని జవాబు కూడా చేదుగానే ఉందని అప్పుడు తెలిసింది.

బౌద్ధంలో నాకు నచ్చిన ఘట్టం ఒకటుంది. మోళియసీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనంటారు, నిజమేనా అని అడుగుతాడు. బుద్ధుడు వరసగా లెక్కపెడతాడు. పిత్తం వల్ల కొన్ని, కఫం వల్ల కొన్ని, వాతం వల్ల కొన్ని, మూడూ కలిసి కొన్ని, రుతువుల మార్పు వల్ల, ఒళ్ళు చూసుకోకపోవడం వల్ల, బయటి దెబ్బ వల్ల కొన్ని. కర్మది ఎనిమిదో స్థానం. అయితే ఆ బౌద్ధంలోనే ధమ్మపద వ్యాఖ్యానంలో మొట్టమొదటి కథ చక్ఖుపాలుడనే గుడ్డి భిక్షువుది. పూర్వజన్మలో వైద్యుడిగా ఉండి, తనని మోసం చేసిన రోగికి కళ్ళు పోయే మందు వేశాడట. అందుకే ఈ జన్మలో ఆ గతి. ఒకే చెట్టుకి రెండు రకాల కాయలు. మనుషులు ఏది కావాలంటే అది కోసుకుంటారు, ఎక్కువమంది రెండోదే కోసుకుంటారు. ఎనిమిది కారణాల కంటే ఒక్క కథ గుర్తుపెట్టుకోవడం తేలిక.

కర్మ సిద్ధాంతాన్ని నేను కొట్టిపారెయ్యను. నా కష్టానికి నేనే కర్తనని ఒకడు తనకు తాను చెప్పుకుంటే అందులో ధైర్యం ఉంది. కానీ కర్మ ఖాతా ఎవరి పేరు మీద వాళ్ళకే ఉంటుంది. చేసినవాడే తీర్చాలి. జన్యువుది అలా కాదు. అది ఉమ్మడి కుటుంబం ఖాతా. మా తాతమ్మల్లో ఎవరికో ఒక అక్షరం తప్పు పడింది. ఆమె నిండు నూరేళ్ళూ బతికి ఉండొచ్చు. ఆ అప్పు ఎవరూ చెయ్యలేదు, ఎవరూ వాడుకోలేదు. మూడు తరాల తర్వాత ఒక పిల్లవాడి దగ్గర వసూలైంది. దీన్ని పాపం అనే మాటలో ఇరికించాలంటే పాపానికి అర్థమైనా మార్చాలి, లేదా అబద్ధమైనా ఆడాలి.

అయినా శ్రీకాళహస్తి వెళ్ళాం. వాడికి అప్పుడు పదమూడేళ్ళు. రాహుకేతు పూజకి అక్క మొక్కుకుంది. క్యూలో నిలబడి నేను వాడికి తిన్నడి కథ చెప్పాను. ధూర్జటిని క్లాసులో చెప్పే మేష్టర్ని కదా, రెచ్చిపోయి చెప్పాను. శివుడి కంట్లో రక్తం కారడం, తిన్నడు తన కన్ను పీకి అతికించడం, రెండో కంట్లో కూడా రక్తం రావడం, తన రెండో కన్నూ పోతే చోటు కనబడదని గుర్తు కోసం శివుడి కంటి మీద కాలు పెట్టడం. వాడు అంతా విని ఒక ప్రశ్న వేశాడు. ‘మావయ్యా, కాలు గుర్తు కోసం పెట్టాడో, కోపమొచ్చి తన్నాడో శివుడికి ఎలా తెలిసింది?’ ‘దేవుడు కదరా, తెలుస్తుంది’ అన్నాను. క్యూ కదిలింది.

నాలుగేళ్ళ తర్వాత కంచం ఎగిరింది.

అప్పటికి వాడికి వెలుతురూ నీడా తప్ప పెద్దగా కనిపించేది కాదు. చెవికి మిషను వచ్చింది. ఇంటరు మధ్యలో ఆగిపోయింది. రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఉన్నట్టుండి లేచి అరిచేవాడు. ‘కళ్ళు పోయినందుకు దిగులు’ అని ముందు మేం సరిపెట్టుకున్నాం. దిగులుకి ఒక హద్దుంటుందని, అది దాటితే తెగబలుపని కూడా అనుకున్నాం. చెంపదెబ్బ తర్వాత నెల తిరక్కుండా వాణ్ణి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆయన ఫైలు చూసి, ఈ జబ్బులో ఇది కొత్తేమీ కాదన్నాడు. 1990లో స్విఫ్ట్ అనే పరిశోధకుల బృందం ‘లాన్సెట్’ పత్రికలో రాసిందట. వుల్ఫ్రం జబ్బున్న 68 మందిలో 60 శాతానికి తీవ్రమైన కుంగుబాటో, మతిభ్రమో, అదుపుతప్పిన కోపమో వచ్చి ఉన్నాయి. పాతిక శాతం మంది ఆసుపత్రిపాలయ్యేదాకానో, ప్రాణం తీసుకోబోయేదాకానో వెళ్ళారు. తర్వాతి పరిశోధనల్లో కొన్ని ఇంత తీవ్రత లేదన్నాయి. అయినా ఆ కాగితం నా చేతిలో వణికింది. చూపు పోయినందుకు పుట్టిన దిగులు ఒకటి. చూపుని తీసుకుపోయినదే నేరుగా వచ్చి మనసు తలుపు తట్టడం వేరు. వాడిలో రెండూ ఉండి ఉంటాయి. ఏది ఎంతో ఎవరు తూచగలరు?

ఇక్కడ నా ఆదివారం పాఠం సంగతి చెప్పాలి. ‘దృగ్దృశ్యవివేకం’ అని 46 శ్లోకాల చిన్న గ్రంథం ఉంది. శంకరులదని కొందరు, భారతీతీర్థులదని కొందరు అంటారు. చూసేదేది, కనబడేదేది అని విడదీయడమే దాని పని. మెట్లు మెట్లుగా వెళ్తుంది. బయటి రంగులూ రూపాలూ కంటికి తెలుస్తాయి. ఆ కన్ను ఎలా ఉందో మనసుకి తెలుస్తుంది. ఆ మనసు ఎలా ఉందో దాని వెనకున్న సాక్షికి తెలుస్తుంది. ఆ సాక్షిని చూసేది మరొకటి లేదు. మూడో శ్లోకం కంటి గురించి చెబుతూ గుడ్డితనాన్నీ, మసకనీ, చురుకుదనాన్నీ ఉదాహరణగా తీసుకుంటుంది. ఇవి మూడూ కంటి గుణాలు, మనసు వాటిని తెలుసుకుంటుంది, మనసుకి అవి అంటవు అని.

ఆ శ్లోకం ఇన్నేళ్ళలో మూడు ఆవృత్తులు విన్నాను. విన్నప్పుడల్లా నా దృష్టి ఒక్కచోటే ఆగేది, కన్ను వేరు, నేను వేరు అన్నచోట. మావాడి కళ్ళు పోతుంటే అదే పట్టుకుని వాడికి ధైర్యం చెప్పాను. ‘కళ్ళు నువ్వు కాదురా.’ కానీ ఆ గ్రంథం అక్కడ ఆగలేదు. తర్వాతి మెట్టు మీద మనసుని కూడా కంటి పక్కనే, కనబడేవాటి వరసలో కూర్చోబెట్టింది. కోరిక, అనుమానం, ధైర్యం, సిగ్గు, భయం, అన్నీ తెలియబడేవే, తెలుసుకునేవాడు కాడు. ఆ మెట్టు నేను నోటితో వల్లించాను గానీ ఒంట పట్టించుకోలేదు. కళ్ళు నువ్వు కాదన్న నేనే, మనసు మటుకు నువ్వేరా అన్నట్టు కొట్టాను.

మనమంతా చేసేది అదే అనుకుంటాను. ‘గుడ్డివాడు పాపం’ అంటాం, ‘పిచ్చివెధవ’ అంటాం. మొదటిదానికి చివర జాలి తగిలిస్తాం, రెండోదానికి తిట్టు. కంటి శిబిరానికి చందాలిస్తాం. మనసు డాక్టరు దగ్గరికి మాత్రం పక్క ఊరికి, చీకటి పడ్డాక వెళ్తాం. కన్ను మనిషికి ఉన్న సొత్తు, మనసు మనిషే అని మన లోపలి లెక్క. తల్లి గర్భంలో ఈ లెక్క లేదు. పిండానికి నాలుగో వారంలో, మెదడు అయ్యే గొట్టం ముందు భాగంలోంచి అటొకటి ఇటొకటి బుడగలు పొడుచుకొస్తాయి. అవే తర్వాత కంటి లోపలి తెర అవుతాయి. బుడగ కాడే దృష్టినాడి. అందులో దాదాపు పది లక్షల పోగులు. అంటే కన్ను మెదడుకి తగిలించిన కిటికీ కాదు, మెదడు బయటికి చాచిన కొమ్మ. డాక్టరమ్మ లైటు పెట్టి చూసిన తెల్లటి చోటు మెదడు కొసే. ఒకే పోగుతో నేసిన బట్టకి ఒక అంచున జాలి, ఇంకో అంచున నింద ఎలా కుడతాం?

ఇదంతా మా పాఠంలో అడిగాను. పెద్దాయన శాంతంగా ‘నాయనా, సాక్షికి రోగం లేదు’ అన్నారు. ‘మరి ఆ సాక్షి ఉన్నట్టు వాడికే తెలియని రోజులో?’ అన్నాను. గాఢనిద్ర దృష్టాంతం చెప్పారు. నిద్రలో ఏమీ తెలియదు, లేచాక ‘సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాం, ఆ తెలియకపోవడాన్ని తెలుసుకున్నది ఎవరో వాడే సాక్షి అని. నాకు ఆ తర్కం తెలుసు. అందులో తప్పు పట్టలేను. కానీ నిద్ర లేచినవాడు ‘సుఖంగా’ అంటాడు. మావాడు కంచం విసిరినప్పటి ఆ పదిహేను రోజుల గురించి అలా అనలేదు. ‘అప్పుడు నేను లేను మావయ్యా, ఇల్లు మటుకు ఉంది’ అన్నాడు.

ఇంకో సంగతి నా గురించి. మా అమ్మ దగ్గర ఆ చెడ్డ కాపీ ఉంది కాబట్టే అక్కకి వచ్చింది. నాకు వచ్చి ఉండే అవకాశం సగం. స్విఫ్ట్ బృందమే 1991లో 36 కుటుంబాలు చూసి ఇంకో మాట అంది. జబ్బులేకుండా ఒక్క కాపీ మోసేవాళ్ళలో కూడా మానసిక బాధలు ఎక్కువని. రోగుల రక్తసంబంధీకుల్ని, ఆ ఇళ్ళలోకి పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళతో పోల్చి తేల్చారు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ దాన్ని బలపరచలేదు. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ పోలిక మా ఇంట్లో కుదరదు. పెళ్ళి చేసుకుని వచ్చినాయనా రక్తసంబంధీకుడే.

నవ్వు అయ్యాక రెండు జ్ఞాపకాలు వచ్చాయి. మా అమ్మమ్మ చెల్లెలు నూతిలో పడి పోయింది. ‘కాలు జారింది’ అనేవాళ్ళు ఇంట్లో, గొంతు తగ్గించి. నాకు ముప్ఫై రెండేళ్ళప్పుడు ఒక వేసవి తర్వాత బడి తెరిస్తే, సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడి ఏం రాయాలో తెలియక చెమటలు పట్టాయి. జీతం లేని సెలవు మీద మూడు నెలలు మంచం దిగలేదు. ‘బద్ధకం’ అన్నారు. నేనూ బద్ధకమనే అనుకుని ఇరవై ఏళ్ళు సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఒక పరీక్షతో ఆ సిగ్గు కడిగేసుకోవచ్చేమో. చేయించుకోలేదు. ఎందుకంటే ఆ దారి ఎటు పోతుందో చూశాను. వాడు కంచం విసరడం జన్యువైతే, నేను కొట్టడం మాత్రం ఏమిటి? అదే జన్యువు సగం నా చేతిలోనూ ఉందేమో. అప్పుడు విసిరినవాడు లేడు, కొట్టినవాడు లేడు. మడతపడని మాంసకృత్తులు రెండు గుట్టలు ఒకదాన్నొకటి తాకాయంతే. నింద పోతుంది, నిజమే. దానితోపాటు క్షమాపణ చెప్పాల్సినవాడూ పోతాడు.

నాకు మాత్రం క్షమాపణ చెప్పాలని ఉంది. మూడేళ్ళు నానబెట్టి చివరికి రైల్లో చెప్పాను. తెనాలి నుంచి విజయవాడ చెకప్‌కి వెళ్తున్నాం. మందులు పడి మనిషి కాస్త తేరుకున్నాడు. ఇలాంటివి గుసగుసగా చెప్పుకోవాలి. కానీ వాడికి వినబడదు, పైగా రైలు చప్పుడు. కుడి చెవి దగ్గరికి వంగి, పెట్టె అంతా వినేలా అరిచాను. ‘ఆ రోజు నిన్ను కొట్టాను. తప్పు నాది. అది నీ జబ్బని నాకు తెలియదు.’ జామకాయల గంప పెట్టుకున్నావిడ అమ్మడం ఆపి చూసింది.

వాడు కాసేపు ఊరుకుని అన్నాడు. ‘కంచం నేనే విసిరాను మావయ్యా. జబ్బు విసిరిందంటే ఇంక నేను ఎక్కడున్నట్టు? నాకు కళ్ళు లేవు, చెవులు లేవు. తప్పు కూడా నాది కాదంటే మిగిలేదేంటి?’ తర్వాత మళ్ళీ, ‘కానీ నువ్వు కొట్టింది తప్పే’ అన్నాడు.

జామకాయలావిడ ఒక కాయ కోసి, ఉప్పూ కారం అద్ది వాడి చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు.

నేను ఏళ్ళ తరబడి ఒక త్రాసు పట్టుకుని కూర్చున్నాను. ఒక పళ్ళెంలో నింద, రెండో పళ్ళెంలో సాకు. వాడు త్రాసే తీసేశాడు. వాడికి కావాల్సింది నిర్దోషి అనిపించుకోవడం కాదు, మనిషి అనిపించుకోవడం. కంటిని చూసినట్టే మనసుని చూడమన్నంత మాత్రాన, మనసు చేసినదానికి మనిషి బాధ్యత పూర్తిగా తీసెయ్యమని కాదు. ముందు ఏమైందో చూడమని. తిన్నడి కాలు గుర్తుదో కోపానిదో శివుడికి తెలుస్తుంది. మనకి తెలియదు. తెలియదు కాబట్టి అడగాలి. నేను ఆ రోజు అడగలేదు.

ఆ పదిహేను రోజుల్లో తను లేనన్నాడని చెప్పాను కదా. కిందటి దసరా సెలవుల్లో వాడే అమ్మని అడిగాడు, నోటుబుక్కు తీసి చదవమని. అక్క రోజూ రాసే పుస్తకం అది. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కులో స్కేలుతో గీతలు కొట్టి, తేదీ, షుగరు, ఇన్సులిన్, మూత్రం, చివర ‘మనసు’ అని ఒక గడి. డాక్టర్లు చెప్పకముందే ఆ గడి ఆమే పెట్టింది. అందులో ఎండ, మబ్బు, ముసురు అని ఉంటాయి. నా పాఠంలో మెట్ల మీద పెట్టినవన్నీ ఆమె ఒకే వరసలో, ఒకే సిరాతో, పక్కపక్క గడుల్లో రాసుకుంటూ పోయింది. తను లేనన్న రోజులన్నీ వాడు ఆమె గొంతులో విన్నాడు. సాక్షి ఎక్కడుంటాడో నాకు తెలియదు. ఆ పదిహేను రోజులు మటుకు మా అక్క పుస్తకంలో ఉన్నాడు.

కంచం రోజు వచ్చింది. ఆమె కొంచెం తడబడి చదివింది. ‘షుగర్ 58. ముసురు. కంచం. చెంప వాచింది.’ తన నుదుటి గాయం రాసుకోలేదు.

‘యాభై ఎనిమిదా?’ అన్నాను. అంత కిందికి పడిపోతే తల తిరగొచ్చు, తికమక పడొచ్చు, కోపం రావొచ్చు. నా దెబ్బ తర్వాత ఆమె వేలికి సూది పొడిచి చూసిందట. అంటే ఆ కంచం విసిరింది మనసు జబ్బు కూడా కాదేమో, ఒక చెంచాడు పంచదార లోటేమో. ‘చెప్పలేదేమే?’ అన్నాను. ‘నువ్వప్పటికే ఏడుస్తున్నావు కదరా’ అంది.

బుద్ధుడు లెక్కపెట్టిన ఎనిమిదిలో ఇది ఎన్నోదో నేను తేల్చలేను. ఇప్పుడు వాడి గొంతు పెరిగితే నా చెయ్యి ముందు పంచదార డబ్బా మీదికి పోతుంది. వాడికి ఇరవై ఆరు. కంప్యూటర్ తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ని చెవి మిషనుకి కలుపుకుని ఏవో పుస్తకాలు వింటుంటాడు.

అక్క ఆ పేజీ మూసి, కొత్త పేజీ తీసి తేదీ వేసింది. షుగరు రాసింది, ఇన్సులిన్ రాసింది. చివరి గడి దగ్గర పెన్ను ఆపి, వాడి చెవి దగ్గర వంగి అడిగింది.

‘ఇవాళ ఏం రాయమంటావురా?’

వాడు లోపలికి చూసుకుంటున్నట్టు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఆ కళ్ళు తెరిచినా మూసినా ఒకటే, అయినా మూసుకున్నాడు.

‘పల్చటి మబ్బు’ అన్నాడు. అక్క అదే రాసింది.